తడి లేని సొరంగం

ముందు దగ్గు వినిపించింది. మెట్టుమెట్టుకూ ఆగుతూ, బండ మీద బండ ఒరుసుకున్నట్టు పైకి వచ్చింది. ఆ తరువాతే భార్య బుడన్‌బీ భుజం పట్టుకుని ఖాజాసాబ్ కనిపించాడు.

ధర్మవరంలోని కార్మిక పరిహారాల ఆఫీసు వరండాలో, విచారణకు వచ్చి బెంచీ మీద కూర్చున్న హరిప్రసాద్ తల దించుకున్నాడు.

పెనుకొండ దగ్గర కొండలో రైలు సొరంగం తొలిచిన మూడేళ్ళూ ఖాజాసాబ్ డ్రిల్లు పట్టాడు. హరిప్రసాద్ నీళ్ళ పంపు చూశాడు. బొగ్గు గనుల్లో పని నేర్చి వచ్చిన ఖాజాసాబ్, నీళ్ళు చల్లనిదే గోడను ముట్టేవాడు కాదు. తడిపితే దుమ్ము నేలకు దిగుతుందని, తడపకుంటే రొమ్ములోకి దిగుతుందని అందరికీ చెప్పేవాడు.

వేసవి వచ్చింది. కొండ కింది పల్లెలో బోర్లు ఎండిపోయాయి. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి సొరంగం ముందరి తొట్టి దగ్గర నిలబడ్డారు. వాళ్ళు చూస్తుండగా తాగే నీళ్ళను బండకు పోయడానికి హరిప్రసాద్‌కు చేతులు రాలేదు. లోపలి పైపు కట్టేశాడు, బిందెలు నింపాడు. రోజుకు రెండు గంటలు, మూడు వేసవులు. లోపల డ్రిల్లు పొడిగా తిరిగింది. ఖాజాసాబ్‌కు తెలుసు. ముక్కుకు రుమాలు చుట్టుకుని, తాగనీలేప్పా అన్నాడు.

ఇప్పుడు ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడ్డాయని హిందూపురం డాక్టరు రాసిచ్చాడు. పని తొందరగా తెమలాలని ఖాజాసాబే నీళ్ళు కట్టేసుకున్నాడని కాంట్రాక్టరు మనిషి కాగితం పెట్టాడు. అది నిలబడితే పరిహారం లేదు. నిజం చెబితే, అదే కాంట్రాక్టరు దగ్గరున్న హరిప్రసాద్‌కు పని ఉండదు.

ఖాజాసాబ్ పక్కన కూర్చుని నవ్వబోయాడు. "బొగ్గు నన్ను ఇడిసిపెట్టిందబ్బా. మన ఊరి రాయే పట్టుకునింది."

బుడన్‌బీ నవ్వలేదు. "నీళ్ళు ఎవరు కట్టేసిరో నీకైనా తెలుసా అన్నా? ఈయప్ప నోరే ఇప్పడు."

"ఆ వాల్వే సరిగా ల్యాకుండె," అన్నాడు ఖాజాసాబ్, ఎవరి వైపూ చూడకుండా.

లోపలికి పిలిచారు. నీళ్ళు కట్టేసింది నువ్వేనా అని అధికారి అడిగాడు. ఖాజాసాబ్ దగ్గుతూ నేల చూశాడు. అవునని రాసుకోవడానికి అధికారి కలం తీశాడు.

గుమ్మంలో నిలబడిన హరిప్రసాద్ లోపలికి అడుగు వేశాడు.

"ఆయప్ప కాదు సార్. పంపు దగ్గర ఉన్నేది నేను. నేనే కట్టేసినా."

బుడన్‌బీ తిరిగి చూసింది.

"నీ పేరు?"



"చెన్నేకొత్తపల్లి హరిప్రసాద్."