ప్లాస్టిక్ పచ్చిక

మొక్కల సంచుల్లో చెంబుతో నీళ్లు పోస్తూనే ఎర్రన్న గోడవతలికి ఒక చెవి వేశాడు. ట్యాంకరు వచ్చింది. వెనక్కి జరుగుతూ అది పెట్టే కీచుకూత వినగానే ఆయన కడుపులో పొయ్యి అంటుకుంది. చెంబు కింద పెట్టి, నర్సరీ దాటి, పక్క గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. రోజూ ఇదే తంతు.

ఆ గేటు లోపల ఒకప్పుడు శ్రీరంగప్ప గార్డెన్ రెస్టారెంటు ఉండేది. గుత్తి రోడ్డులో అంత దర్జా గల హోటలు ఇంకోటి లేదు. ఉరవకొండ నుంచి, ముదిగుబ్బ నుంచి కార్లు కట్టుకుని వచ్చేవాళ్లు. తిండికని చెప్పుకునేవాళ్లు గానీ, వచ్చింది గడ్డికి. వాన మొహమెరగని నేల మీద ఎకరం పచ్చిక మరి! మనుషులే గడ్డికి ఎగబడిన చోటు లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. ఆ గడ్డిని పెంచింది ఎర్రన్న. దాని మీద పళ్లేలు మోసి పేరు కొట్టేసింది సర్వరు షాకీర్. టిప్పులు షాకీర్‌కి, తిప్పలు ఎర్రన్నకి. ఆఖరికి ముందు బోరు పోయింది, వెనకే బోర్డు పోయింది.

ఇప్పుడు శ్రీరంగప్ప మనవడు ప్రణీత్ అక్కడ వలలు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, క్రికెట్ ఆడిస్తున్నాడు. ప్లేట్లు పోయి బ్యాట్లు వచ్చాయి. ఎర్రన్న దృష్టిలో అది పచ్చిక కాదు, పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని చూసుకునే ఉద్యోగం కూడా షాకీర్‌కే దొరికింది. అప్పుడు సర్వరు, ఇప్పుడు సర్వాధికారి. జన్మంతా గ్లాసుల్లో నీళ్లు పోసినవాడి చేతిలో పైపు!

ఆ పైపు తన చేతికి రావాలి. ఎర్రన్నకు ఇంకో కోరిక లేదు. నర్సరీలో మొక్కను పెంచీ పెంచగానే ఎవరో బండిలో వేసుకుపోతారు. ఇక్కడైతే తన నేల. షాకీర్ ఒక్క మాట చెబితే ప్రణీత్ పెట్టుకుంటాడు. ఆ మాట అడగడానికే రోజూ వస్తాడు. తీరా షాకీర్ మొహం చూశాక అడగబుద్ధి కాదు. ఆ నెరిసిన గడ్డం కూడా తను పెంచిన గడ్డి కంటే ఒత్తుగా ఉన్నట్టు కనిపిస్తుంది. తిరిగిపోతాడు.

"ఏమప్పా ఎర్రన్నా, తొండ మాదిరి ఆణ్నుంచే తల ఊపుతాండావు? లోపలికి రా."

"ప్లాస్టిక్‌కు దప్పికైతాండాదేమో చూద్దామని వచ్చినా."

"దానికి కాదన్నా. సాయంత్రం పిల్లోళ్లు ఆడల్ల. పెనం మాదిరి కాలుతాండాది. తడపకుంటే వాళ్ల అరికాళ్లు అట్లు అయితాయి."

"మన గడ్డి ఎండి సస్తాంటే ఒక్క ట్యాంకరు తెప్పియ్యలేదు శ్రీరంగప్ప. దీనికి రోజుకొకటా?"

"గడ్డి మింద కూడా కుళ్లేనా నీకు!" షాకీర్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎడమ భుజం రుద్దుకుంటూ కాసేపు ఆగాడు.

అప్పుడు అడిగేశాడు ఎర్రన్న. "ఈ పైపు పని నాకిప్పియ్యప్పా." అడిగాక తలెత్తలేదు.

షాకీర్ పైపు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "ప్రణీత్ సారుకు మొన్ననే చెప్పినా. నాతో కాదు ఇంక, ఎర్రన్నను పెట్టుకోండి అని. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తాంటి. మొండోడివప్పా నువ్వు!"

మంచివాడనే పేరు కూడా వీడికే. ఎర్రన్నకు ఒళ్లు మండింది. బొటనవేలు పైపు మూతికి అడ్డం పెట్టాడు. నీళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. మట్టివాసన రాలేదు, టైరు వాసన వచ్చింది. అయినా చెయ్యి దానంతటదే మూలమూలకూ తిరిగింది.

"ఇంక కూచోప్పా," అన్నాడు షాకీర్.

ఎర్రన్న ఇక్కడ ఎన్నడూ కూచోలేదు. పనివాళ్లు గడ్డి మీద కూచోరాదని శ్రీరంగప్ప ఆజ్ఞ. మోకాళ్లు పట్టుకుని కూలబడ్డాడు. పంచె తడిసింది. షాకీర్ నిటారుగా నిలబడి, భుజం మీది తువ్వాలు ముంజేతి మీదికి మార్చి, నడుం కాస్త వంచాడు.

"ఏం తీసుకుంటారు సార్?"

ఎర్రన్న బిత్తరపోయి, ఆనక గొంతు సవరించుకున్నాడు. "టీ. చక్కెర తక్కువెయ్యల్ల."

రోడ్డవతలి సుంకన్న టీకొట్టు నుంచి షాకీర్ రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి చప్పుడు కాకుండా ఎర్రన్న ముందు పెట్టాడు. రెండోది తన పక్కన పెట్టుకుని, వల కట్టిన స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

టీ కడుపులోకి పోయేకొద్దీ ఎర్రన్న కడుపులోది బయటికొచ్చింది. "వచ్చినోళ్లంతా షాకీర్ యాడ, షాకీర్ యాడ అనిరి. గడ్డి ఎవరిదని ఒక్కడన్నా అడిగినాడా? ఆ పొద్దునుంచీ నీ మింద నాకు కుళ్లేప్పా... పలకవేం?"

భుజం తట్టాడు. షాకీర్ మెల్లగా పక్కకి ఒరిగాడు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

ఎర్రన్న కేకలకు సుంకన్న కొట్టు ముందరి ఆటోను పిలుచుకుని వచ్చాడు. చెయ్యి పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. మంచం పట్టలేదు, మందు మింగలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. ఇంత సుళువు చావు కూడా వీడికేనా అనిపించింది ఎర్రన్నకు. ఇన్నాళ్లూ షాకీర్‌ను చూసి ఏడుస్తూనే ఉన్నాడు గానీ, కన్నీళ్లు రావడం ఇదే మొదలు.

"ఇంక ఎవర్ని చూసి ఏడ్చేదిరా నేను," అంటూ ఆ తలను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూచున్నాడు.

ఆటో పోయింది. తడి ప్లాస్టిక్ మీద షాకీర్ గ్లాసు చుక్క తొణకకుండా నిండుగా ఉంది. టీ మీద పలచగా మీగడ కట్టింది.