విరిగిన మూల

పళ్ళ మేస్త్రి పొద్దున్నుంచీ ఒక్క పన్ను దగ్గరే కూర్చున్నాడు. ల్యాబులో మిగతా బల్లల మీద ఊరందరి దవడలూ అచ్చుల్లో ఆరుతున్నాయి. ఇతని చేతిలో మాత్రం అక్క పై పళ్ళ వరస. నున్నగా వచ్చిన ముందు పన్నుకు చూస్తూ చూస్తూ మూల అరగదీస్తున్నాడు.

"బంగారంలాంటి పన్ను పాడు చేస్తున్నావేంటయ్యా?" అన్నాడు పక్క బల్ల పెద్దాయన.

"పాడు కాదు బాబాయ్. మా అక్క పన్ను అట్లాగే ఉండేది."

చిన్నప్పుడు ఇతని బూటు తాడు పీటముడి పడితే అక్క పళ్ళతో లాగింది. ముడీ ఊడింది, పన్ను మూలా ఊడింది. ఆ సందులోంచి ఈల వేస్తూ తమ్ముణ్ణి బడికి తీసుకెళ్ళేది. పళ్ళన్నీ పోయాక సెట్టు కట్టిందీ ఇతనే, కొత్తగా పని నేర్చిన పొగరుతో, ముత్యాల్లా. అక్క అద్దంలో చూసుకుని, "బాగున్నాయిరా, ఎవరివో" అంది. ఏళ్ళు గడిచేకొద్దీ దవడ ఎముక అరిగిపోయి ఆ సెట్టూ నిలవడం మానేసింది. ఇక మాట్లాడాలన్నా, నవ్వాలన్నా నోటికి చెయ్యి అడ్డమే. ఆ చెయ్యి చూసినప్పుడల్లా మేస్త్రికి ప్రాణం చివుక్కుమనేది.

దవడలో దించే మామూలు ఇంప్లాంట్లకు ఎముక చాలదని డాక్టరమ్మ బుగ్గ ఎముక దాకా పొడవాటి మరలు దించింది. అవి గట్టిగా పట్టుకున్నాయి. రేపు వాటి మీద ఈ వరస బిగించాలి.

"ఈసారి నీ చెయ్యి దింపిస్తా చూడక్కా, పందెం," అన్నాడు నిన్న.

"నువ్వా? నీ నోట్లోనే రెండు ఖాళీలు పెట్టుకుని?" అంది అక్క, చేతి చాటునుంచే.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. అన్నం తిని పడుకున్న అక్క మళ్ళీ లేవలేదట.

మేస్త్రి ఫోను జేబులో పెట్టుకుని తిరిగి బల్ల దగ్గరే కూర్చున్నాడు. మూల ఇంకా కాస్త మిగిలి ఉంది. ఏడుస్తూనే అరగదీశాడు, మెరుగు పెట్టాడు. వరసనూ, మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరునూ రుమాల్లో చుట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇవి?" అన్నాడు బావ.

"మాటిచ్చాను బావా. కాస్త ఆ లైటు పట్టుకో."

బావ పట్టుకున్నాడు. మేస్త్రి ఒక్కో మరా బిగించుకుంటూ వచ్చాడు. లోపలికి పోయిన పెదవి నెమ్మదిగా నిండింది. బావ లైటు ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు.

"అదే పన్ను," అన్నాడు.

గడ్డం దగ్గర ఉన్న అక్క చేతిని మేస్త్రి తీసి పక్కన పెట్టాడు. ఆ చెయ్యి ఈసారి అక్కడే ఉంది.

కిటికీలో, గ్లాసు నీళ్ళలో, పాత సెట్టు ఉంది. ముత్యాల్లాంటి పళ్ళు, ఒక్క మూలా విరగలేదు.