ఎడమవైపు నట్లు

తెల్లారి ఇడ్లీ వాయి పొయ్యి మీద పెట్టాక జ్యోతిర్మయి చేసే రెండో పని నట్లు కడగడం. పెరట్లో పంపు పక్కన రెండు బేసిన్లు ఉంటాయి. ఒకదాంట్లో రాత్రి అంట్లు, రెండోదాంట్లో డీజిల్లో నానుతున్న నట్లు, బోల్టులు, వాషర్లు, ఇంకా ఆమెకు మొదట్లో పేర్లు తెలియని ఇనుప ముక్కలు. డీజిలు చేతులతో గిన్నెలు ముట్టుకుంటే అత్తగారు కోటిరత్నం ఊరుకోదు. తడి చేతులతో నట్లు ముట్టుకుంటే తుప్పు పడుతుందని మొగుడు వీరబాబు ఊరుకోడు. ఇద్దరి నోళ్ళూ లేవకుండా రెండు పనులూ ఎలా ముగించాలో మూడేళ్ళలో ఆమే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. అదేమిటని వాళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ నట్ల పురాణం వీరబాబు గారి సరదాతో మొదలైంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆయనకు పురుగుమందుల కొట్టుంది. యాభయ్యో ఏడు దగ్గర పడుతుండగా ఆయనకు హఠాత్తుగా జీవితంలో ఏదో మిగిలిపోయిందనిపించింది. మిగిలిపోయింది మిలిటరీ జీపని ఫోనులో వీడియోలు చూసి తేల్చుకున్నాడు. సైన్యం వాళ్ళు ఎప్పుడో వదిలించుకున్న జీపొకటి పాత ఇనుము వ్యాపారి దగ్గర దొరికింది. లారీ మీద ఇంటికొచ్చిన రోజున దానికి చక్రాలు కూడా లేవు. నాలుగు చక్రాలూ లోపల పడేసి, వాటి నట్లు ఒక పాలడబ్బాలో పోసి పంపారు. దాన్ని దించడానికి చోటు కావాలి. ఇంటి పక్క షెడ్డులో జ్యోతిర్మయి కుట్టుమిషన్లు రెండున్నాయి, పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు నలుగురున్నారు. "రెండు నెలలేనే. తర్వాత నీ షెడ్డు నీకే," అన్నాడాయన. పిల్లల్ని రావద్దన్నారు. మిషన్లు మెట్ల కిందికి పోయాయి. ఆ రెండు నెలలకు ఇప్పుడు మూడేళ్ళు.

"మగాడికి ఒక సరదా ఉంటే తప్పేందే? తాగుతున్నాడా, పేకాడుతున్నాడా?" అంది కోటిరత్నం. ఈ ఇంట్లో ఓదార్పంటే అంతే. ఆయన తాగినా ఆ గ్లాసులు కడిగేది తనే కదా, కాకపోతే అవి సబ్బుతో పోయేవి అనుకుంది జ్యోతిర్మయి. పైకి అనలేదు. ఇరవై ఒక్కేళ్ళుగా పైకి అనని మాటలన్నీ పోగేస్తే ఆ షెడ్డు కూడా చాలదు.

సరదా ఆదివారాలది, చాకిరీ రోజువారీది. ఆదివారం వీరబాబు నిక్కరు వేసుకుని, ఫోను ఒక స్టూలు మీద నిలబెట్టి, నాలుగు బోల్టులు విప్పేవాడు. విప్పినవి ఎక్కడివక్కడ పడేసి స్నానానికి పోయేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా వాటిని ఏరడం, నానబెట్టడం, తుప్పు గీకడం, పాత ఊరగాయ సీసాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అంటించడం ఆమె వంతు. ఇంజను పనికి మొహిద్దీన్ బాషా అనే పెద్దాయన వచ్చేవాడు. ముప్పై ఏళ్ళు లారీల కింద పడుకున్న మనిషి. మొదటి రోజు టీ ఇచ్చి వెనక్కి తిరగబోతుంటే, "ఆ సీసాల మీద చీటీలు రాసింది మీరేనామ్మా? అయితే కాసేపు ఇక్కడే ఉండండి, మీతో పనుంది," అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత సంబరపడిందో చెబితే నవ్విపోతారు. ఇరవై ఏళ్ళలో ఆమెను పనికి పిలవనివాడు లేడు గానీ, పనుందని ఉండమన్నవాడు ఆయనొక్కడే. కార్బొరేటరు విప్పి శుభ్రం చేయడం, ప్లగ్గుల కొనల్లో సందు సరిచూడడం, బ్రేకులో గాలి తీయడం ఆయన దగ్గరే నేర్చుకుంది. జీపు పైకప్పు గుడ్డ మెట్ల కింద కూర్చుని తనే కుట్టింది. మందపాటి కాన్వాసుకు ఏడు సూదులు విరిగాయి. ఆ కప్పు ఎక్కించిన సాయంత్రం వీరబాబు దాని ముందు నిలబడి ఫొటో దిగి, కింద 'అంతా నా సొంత చేతులతో' అని పెట్టాడు. 'మీ ఓపికకు దండం అన్నా' అని జనం రాశారు. రాత్రి భోజనం దగ్గర ఆ దండాలన్నీ ఆమెకే చదివి వినిపించాడు.

ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. దండాలు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. నలుగురి మధ్యలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, 'జ్యోతీ, ఇదెట్లా చెయ్యాలి?' అని ఆయన అడగాలి. ఆ ప్రశ్న కోసం ఆమె పైట కొంగుకు అంటిన గ్రీజు మరకల్ని కూడా ఓర్చుకుంది.

చక్రాలు బిగించే రోజు వచ్చింది. వీరబాబు స్నేహితుడు బుల్లయ్య, మిర్చి కమీషన్ వ్యాపారి, చేతులు వెనక్కి కట్టుకుని సలహాలు చెబుతున్నాడు. కుడివైపు రెండు చక్రాలూ సాఫీగా ఎక్కాయి. ఎడమవైపు నట్లు మాత్రం ఎంత తిప్పినా పట్టుకోవడం లేదు.

"మర పోయిందిరా. అవతల పారేసి కొత్తవి కొను," అన్నాడు బుల్లయ్య.

ఆ నట్లను కడిగింది జ్యోతిర్మయి. మర పోలేదని ఆమెకు తెలుసు. ఎడమవైపు బోల్టుల కొన మీద చిన్న 'L' అక్షరం చెక్కి ఉండడం గీకేటప్పుడు చూసింది. రెండు రకాల నట్లనూ అందుకే వేరువేరు సీసాల్లో పెట్టింది. వంటింటి గుమ్మం దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకొచ్చి, "ఏవండీ, అవి పాడైపోలేదు. ఎడమవైపువి అవతలి పక్కకి తిప్పాలి. బిగించేటప్పుడు ఎడమకి, విప్పేటప్పుడు కుడికి. కావాలంటే చూడండి, బోల్టు మీద..." అంది.

వీరబాబు బుల్లయ్య వంక చూశాడు. బుల్లయ్య వీరబాబు వంక చూశాడు. తర్వాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మిషన్ తొక్కే బుర్ర కదరా, అన్నీ వెనక్కి తిరుగుతయ్యి!" అన్నాడు వీరబాబు, కళ్ళు తుడుచుకుంటూ. "ఏమే, మగాళ్ళు మాట్లాడుకునేటప్పుడు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోద్దే? పో, టీ పట్రా. అల్లం దంచి వెయ్యి."

అల్లం దంచింది. రోట్లో అల్లం ఎప్పుడో నలిగిపోయింది, ఆమె ఇంకా దంచుతూనే ఉంది. అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అలా ఉంది ఆమెకు. నవ్వినందుకు కాదు. తను చెప్పింది నిజమో కాదో చూడడానికి పానా ఒక్క చుట్టు అటు తిప్పితే చాలు. ఆ ఒక్క చుట్టు తిప్పడానికి కూడా ఆయనకు మనసొప్పలేదు.

టీ తాగి ఇద్దరూ ఏదో పెళ్ళికి వెళ్ళిపోయారు. ఆమె షెడ్డులోకి వెళ్ళి ఎడమవైపు పది నట్లూ తన దారిలో తిప్పి బిగించింది. ఒక్కోటి వెన్నలా ఎక్కింది. సాయంత్రం వచ్చిన వీరబాబు చక్రాల్ని కాలితో తన్ని చూశాడు. "బాషా వచ్చి ఎక్కించాడా? చూశావా మరి, నేను చెప్పలా, ఎక్కుతయ్యని?" అన్నాడు. ఆమె ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది. మర్నాడు బాషాకు జరిగింది చెబితే ఆయన తల పంకించాడు.

"పాత మిలిటరీ జీపులకి అంతేనమ్మా. పరుగులో నట్టు వదులు కాకుండా ఎడమవైపు మర తిరగేసి పెట్టేవాళ్ళు. అయ్యగారికి నేను చెప్పనా?"

"వద్దులెండి బాషా గారూ. నేను చెప్పాను," అంది జ్యోతిర్మయి.

ఆ తర్వాత ఫిబ్రవరిలో గుంటూరులో పాత బండ్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. దరఖాస్తు ఆమె చేతే రాయించాడు, ఆమె దస్తూరీ బాగుంటుందని. 'బండిని బాగుచేసినవారు' అనే గడి దగ్గర ఆమె కలం ఆగింది.

"ఎవరి పేరు రాయమంటారు?"

"ఎవరి పేరంటావేందే? నాదే."

"బాషా గారిది?"

"కూలి తీసుకున్నాడుగా."

కూలి తీసుకోనివాళ్ళది అని ఆమె అడగలేదు. ఆ జవాబు ఆ ఇంటి గోడలకు కూడా తెలుసు. అందమైన దస్తూరీతో ఆయన పేరు రాసింది. బాషాను ప్రదర్శనకు పిలవలేదు. గ్రీజు బట్టల మనిషి పక్కన నిలబడితే సొంత చేతుల సంగతి తేలిపోతుందని కాబోలు.

ప్రదర్శనలో చక్రం మార్చే పోటీ ఉంది. ఒక చక్రం విప్పి, దాని చోట అదనపు చక్రం బిగించాలి. ఎవరు ముందు ముగిస్తే వాళ్ళ బండిలో ముఖ్య అతిథి ఊరేగుతారు. వీరబాబు, బుల్లయ్య వారం రోజులు షెడ్డులో సాధన చేశారు. చక్రాలెక్కాక జీపును ఎడమ పక్క గోడకు ఆనించి పెట్టారు కాబట్టి పదిసార్లూ కుడివైపు చక్రమే విప్పి బిగించారు. ప్రదర్శన రోజు పొద్దున, పట్టుచీర కట్టుకుంటూ, జ్యోతిర్మయికి చివరిసారి మనసు పీకింది. ఎంతైనా ఆ బండి తన చేతుల్లో ఊపిరి పోసుకుంది.

"ఏవండీ, ఎడమ చక్రం కూడా ఒకసారి విప్పి చూసుకోరాదూ," అంది.

"నువ్వు చీర సంగతి చూసుకో. ఫొటోల్లో పడాలి. టీ ఫ్లాస్కు మర్చిపోమాకు," అన్నాడు.

సరే, ఆమె చీర సంగతే చూసుకుంది. కుచ్చిళ్ళు ఒక్కొక్కటే ఓపిగ్గా సరిచేసుకుంది. అప్పటికి మనసు పీకడం ఆగిపోయింది.

కాలేజీ గ్రౌండు నిండా జనం. యార్డు వైపు నుంచి వచ్చే మిర్చి ఘాటుకు మైకులో మాట్లాడే కుర్రాడు మాటకో తుమ్ము తుమ్ముతున్నాడు. ఆకుపచ్చ రంగు కొట్టిన జీపు ఎండలో మెరిసిపోతోంది. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి వంద ఫొటోలు తీసి, పోటీ మొదలవగానే దించేసి పక్కన నిలబెట్టారు, ఫ్లాస్కుతో. జనానికి కనబడాలి కాబట్టి వాళ్ళ వైపున్న చక్రం విప్పాలన్నారు. అది ఎడమది.

ఈల మోగింది. వీరబాబు పానా నట్టుకు తగిలించి, బలం చాలడానికి దానికి పొడుగాటి పైపు తొడిగి, ఎప్పట్లాగే ఎడమకు తోశాడు. నట్టు కదల్లేదు. కదలదు, బిగుస్తుంది. బుల్లయ్య కూడా వచ్చి పైపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఊగారు. టక్కుమని బోల్టు విరిగి, నట్టుతో సహా ఊడి గడ్డిలో పడింది.

"పాత ఇనుము!" అన్నాడు వీరబాబు, జనానికి వినపడేట్టు.

పాత ఇనుమేమీ కాదు. ఆ బోల్టును తను ఎన్ని పొద్దులు గీకిందో ఆమెకు తెలుసు. అది విరిగినప్పుడు బాధ కలుగుతుందనుకుంది. కలగలేదు. కలిగింది ఏమిటో ఆమె ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు, ఎందుకంటే అది పచ్చి సంతోషం. రెండోది విరిగింది. మెట్ల కింద వంగి కూర్చుని పట్టేసిన నడుము గుర్తొచ్చింది. ఇంటికి పంపేసిన నలుగురు పిల్లలు, వాళ్ళలో నజ్మీన్ అనే అమ్మాయి వెళ్తూ వెళ్తూ మిషన్ చక్రాన్ని ఒకసారి నిమరడం గుర్తొచ్చింది. మూడోది విరిగింది. మైకు కుర్రాడు, "ఒంగోలు గిత్తల్లాగా లాగుతున్నారండీ, బండేమో మొరాయిస్తోంది!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. వీరబాబు మెడ నరాలు ఉబ్బాయి. కుంకుడుకాయ రసం కంట్లో పడ్డవాడిలా చూపు అటూ ఇటూ కొట్టుకుంది. పక్క జీపు వాళ్ళు కొత్త చక్రం ఎక్కించి బిగించేస్తున్నారు. ముఖ్య అతిథి ఆ వైపు నడవడం మొదలుపెట్టాడు. నాలుగోది విరిగింది.

ఇక ఒక్కటే మిగిలింది. బుల్లయ్య పైపు వదిలేసి, "నాకేదో అనుమానంగా ఉందిరా," అని చేతులు దులుపుకున్నాడు. వీరబాబు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు ఏదో తట్టినట్టు తలెత్తి, జనంలోకి కాదు, బుల్లయ్య వైపు కాదు, ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు.

"జ్యోతీ," అన్నాడు. "నువ్వప్పుడేదో అన్నావు కదా... ఎటు తిప్పాలే దీన్ని?"

మైకు కుర్రాడు పరుగున వచ్చి ఆమె నోటి ముందు మైకు పెట్టాడు. మూడేళ్ళుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే. అచ్చంగా అలాగే, నలుగురి మధ్యలో కాదు, నాలుగు వందల మంది మధ్యలో. ఈ ప్రశ్న వచ్చిన రోజున కళ్ళనీళ్ళు పెట్టుకుంటానేమో అనుకునేది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. అడగడానికి ఆయనకు నాలుగు బోల్టులు విరగాల్సి వచ్చింది. ఇంకెటూ దారి లేనప్పుడు, పరువు పోతున్నప్పుడు, తన పరువు కాపాడమని అడుగుతున్నాడు. నిజం చెబితే ఇప్పుడే 'చూశారా, మా ఆవిడకు కూడా నేర్పించాను' అంటాడు. ఆ మాట కూడా ఆమెకు ముందే వినపడింది.

పట్టుచీర కొంగు భుజం మీద సర్దుకుని, ఎంతో వినయంగా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"మీరు తిప్పుతున్న వైపేనండీ. ఇంకాస్త గట్టిగా తొయ్యండి."

వీరబాబు బుద్ధిగా తలూపి, పైపు అందుకుని, ఒంట్లో ఉన్న శక్తంతా కూడదీసుకుని తోశాడు. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో ఆమె చెప్పింది చెప్పినట్టు ఆయన చెయ్యడం అదే మొదటిసారి.