నాదే తప్పులెండి

మా ఇంట్లో పాలు పొంగినా, మోటారు కాలినా ముందుగా వినిపించేది నా గొంతే. "నాదే తప్పులెండి" అనేస్తాను. పదమూడేళ్ల కాపురంలో నేను కనిపెట్టిన ఉపాయం అది. అలా అనగానే మా ఆయన మోహన్‌కృష్ణ కోపం దిగిపోతుంది, అన్నానికి కూర్చుంటాడు. ఆ అలవాటే ఆత్మకూరు కోర్టు బోనులోకి కూడా నాతో వచ్చింది.

వరికుంటపాడు దగ్గర మా వేరుశనగ చేను నా పేరున ఉంది. కోడలి పేరున ఉంటే కలిసొస్తుందని మా అత్త మాలకొండమ్మ ముచ్చటపడి రాయించింది. అందులో ఏం వేద్దామని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అడవిపందులు రాకుండా మా ఆయన చేను చుట్టూ కరెంటు తీగ కట్టాడు. వద్దన్నాను, వినలేదు. పక్కచేను చెంచయ్య బర్రె దానికి తగిలి చచ్చిపోయింది. పాస్‌పుస్తకంలో పేరు చూసి పోలీసులు నా మీద కేసు పెట్టారు.

"ఒప్పేసుకో శిల్పా. ఆడమనిషివని ఫైనేసి పంపించేస్తారు," అన్నాడు మా ఆయన. ఎవరైనా చెప్పమన్నారా అని జడ్జిగారు రెండుసార్లు అడిగారు. "లేదు సార్, నాదే తప్పు," అన్నాను. మూడు నెలల జైలు, పదివేల జరిమానా వేశారు. అప్పీలు చేసుకోవడానికి నెల గడువిచ్చి జామీను మీద ఇంటికి పంపారు.

ఆ రోజు నుంచీ మా ఆయన నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు. పొద్దున్నే కాఫీ ఆయనే కలుపుతున్నాడు, చక్కెర వేయడం మరిచిపోతాడనుకోండి. మా అత్త నా తలకు నూనె రాస్తూ, "మూడు నెల్లే గదమ్మా. వాడు పోతే సేద్యం ఆగిపోతాది. నువ్వయితే ఇంట్లో ఉండేదానివే గదా," అంది. ప్రేమగానే అంది. రెండు బర్రెల పాలు, ఇంటిల్లిపాదికీ వంట, చేలో కలుపు, ఇవన్నీ ఎవరు చేస్తున్నారనుకుంటోందో! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఈ రోజు ఆత్మకూరులో కొత్త లాయరు నవ్యశ్రీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆమె కాగితాలన్నీ చదివింది.

"ఒప్పుకున్న కేసు కాబట్టి శిక్ష తగ్గించమని అడగడమే సులువు. ఆ ఒప్పుకోలు నిజం కాదని వాదించాలంటే, అసలేం జరిగిందో ప్రమాణం చేసి రాసివ్వాలి. ఏది చేద్దాం?"

"తగ్గించమనే అడగండి మేడం. ఒకవేళ జైలుకు పంపినా వారం వారం పోయి చూసొస్తాను," అన్నాడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. వస్తాడు. ఉదయగిరిలో బస్సెక్కి, నాకిష్టమైన వేరుశనగ ఉండలు మూటగట్టుకుని మరీ వస్తాడు. నన్ను చూడటానికి వస్తాడు గానీ, నా బదులు మాత్రం రాడు. ఈ మనిషంటే నాకు ప్రాణం. ఈ మనిషి మీదే అప్పుడు నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

"ఆ తీగ నేను కట్టలేదు మేడం," అన్నాను.

ఆయన చెయ్యి బిగుసుకుంది. నేను వదల్లేదు.

"మరెవరు కట్టారు?"

"ఈయన మంచోడు మేడం. ఈయనే చెప్తాడు."

"చెప్పకపోతే?"

"నేను చెప్తాను."