తిప్పని రొట్టె

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నేనే చెప్తున్నాను కాబట్టి వినండి. ఆయన నీళ్ళ పంపు దగ్గర ఏ ఆడమనిషితోనైనా రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే ఆ పూట మా ఇంట్లో గిన్నెల చప్పుడు వీధంతా వినిపిస్తుంది.

మాది రొట్టెల బట్టీ. ముందు గదిలో దుకాణం, వెనక బట్టీ, పైన మేముండే గది. పిండి కలపడం నా పని, కాల్చడం ఆయన పని. బట్టీలో మంట ఒక పక్కనే ఉంటుంది. అందుకని రొట్టెలు సగం కాలాక పొడుగు చెక్క పారతో ఒక్కొక్కదాన్నీ తిప్పాలి. తిప్పకపోతే మంట వైపు మాడుతుంది, గోడ వైపు పచ్చిగా మిగులుతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మనిషి అక్కడ ఉండాలి, అంతే.

పిండి పులియడానికి వేసే పాత ముద్దని మేం తల్లిపిండి అంటాం. మా అమ్మ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. అత్తారింటికి పంపేటప్పుడు తడిగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. దానికి రోజూ పిండీ నీళ్ళూ పెట్టాలి, పసిపిల్లని సాకినట్టు సాకాలి. మా అమ్మ గోధుమపిండితో పాటు పిడికెడు బార్లీపిండి కూడా పెట్టేది, నేనూ పెడతాను. అందుకే మా రొట్టె పులుపు చివర సన్నటి చేదు తగులుతుంది. బట్టీల వాళ్ళం కూతురికి తప్ప ఆ ముద్దని గడప దాటించం. ఆకలంటే రొట్టె ఇస్తాం, ప్రాణం మీదికొస్తే బట్టీ అమ్ముకుంటాం, తల్లిపిండి మాత్రం ఇవ్వం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. రోజూ బట్టీలోంచి వచ్చే మొదటి రొట్టెని మేం అమ్మం. మా ఆయన దాన్ని తెల్లగుడ్డలో చుట్టి ప్రార్థన ఇంటికి తీసుకెళ్ళి, పెద్దయ్య చేతిలో పెడతాడు. పెద్దయ్య అంటే అక్కడ వెనకటి ప్రవక్తల మాటలు చదివి చెప్పే ముసలాయన. మొదటి రొట్టె దేవుడిది, మిగతావన్నీ మావి. బట్టీ వెలిగించిన మొదటిరోజున మేమిద్దరం చేతిలో చెయ్యేసి అనుకున్న మాట అది.

మా వీధి చివర మలుపులో కుడికి తిరిగితే ప్రార్థన ఇల్లు వస్తుంది. ఎడమకి తిరిగితే చుక్కలావిడ ఇల్లు. ఆవిడ ఆకాశంలో చుక్కల్ని చూసి జరగబోయేది చెప్తుంది. ఇంటినిండా చుక్కల బొమ్మలు, వాటిముందు దీపాలు. మనిషి అందగత్తె. నా నోటితో నేనే ఒప్పుకుంటున్నానంటే ఇక మీరు నమ్మొచ్చు.

ఒక వారం ప్రార్థనలో పెద్దయ్య మాట్లాడ్డానికి లేచి, చేతిసంచిలోంచి ఒక రొట్టె తీశాడు. మా రొట్టే. మీద గీసిన గాటు నా కత్తిది. దాన్ని విరిచి పైకెత్తి అందరికీ చూపించాడు. ఒక పక్క బొగ్గు, ఇంకో పక్క పచ్చిపిండి తీగలా సాగుతోంది.

"వెనకటికి ఒక ప్రవక్త తన జనాన్ని చూసి, వీళ్ళు తిప్పని రొట్టెలాంటి వాళ్ళని బాధపడ్డాడు," అన్నాడు పెద్దయ్య. "దేవుడి వైపు ఒక పక్క, ఇంకెవరి వైపో ఇంకో పక్క. అటు తినడానికీ రారు, ఇటు దాచుకోడానికీ రారు. నేనెవర్నీ అనడం లేదు. ఈమధ్య రోజూ ఇలాంటి రొట్టే వస్తోంది. చూస్తే గుర్తొచ్చింది, చెప్పాను."

ఎవర్నీ అనలేదుట! హాల్లో ఉన్న తలలన్నీ మావైపు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటలు మా ఇంటి గుమ్మంలో నిలబడి దేవుడు చేస్తున్న హెచ్చరిక అని నాకు తట్టనేలేదు. బట్టీ పరువు గంగలో కలిసిందనే తట్టింది. మా ఆయన మాత్రం కాలి బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"రొట్టెలు తిప్పకుండా ఏం వెలగబెడుతున్నారు?" అని ఇంటికి రాగానే అడిగాను. ముద్దలు చేసి ఇచ్చాక నేను పైకెళ్ళి కాసేపు నడుం వాలుస్తాను. ఆ వేళ బట్టీ దగ్గర ఉండేది ఆయనొక్కడే.

"కునుకు పడుతోంది," అని నీళ్ళు నమిలాడు.

నమ్మాను. అసూయ ఉన్నవాళ్ళు అన్నీ అనుమానిస్తారనుకుంటారు గానీ, నిజానికి మేం అసలు చోటు తప్ప అన్నిచోట్లా వెతుకుతాం.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటి దర్జీ వదిన వచ్చింది. కొంగుచాటు నుంచి చుక్క ఆకారంలో చేసిన చిన్న రొట్టె తీసి నా చేతిలో పెట్టింది.

"చుక్కలావిడ పంచుతోంది వదినా. తింటే అనుకున్నవి జరుగుతాయట. మావారి మోకాలి నొప్పికని తెచ్చాను. మోకాలికి రొట్టేమిటే అని ఆయన తిట్టారు. నువ్వు తిని చూడు, నీకు తెలుస్తుంది కదా మంచీ చెడ్డా."

కొరికాను. మెత్తగా ఉంది, పైన తేనె రాశారు. నమిలాను. పులుపు వచ్చింది. ఆ పులుపు చివర, సన్నగా, చేదు.

నా దవడ ఆగిపోయింది. మా అమ్మ చేతి రుచి పరాయి ఇంటి రొట్టెలో తగిలింది.

"వదినా, ఆవిడకి ఈ పులిసిన పిండి ఎక్కడిది?"

"నాకేం తెలుసు? మీ ఆయన్నే అడుగు. రోజూ చీకటితోనే రొట్టె చుట్టుకుని అటే కదా వెళ్తారు," అనేసి వదిన నాలుక్కరుచుకుంది.

ఆయన కట్టెలు పేర్చుకుంటున్నాడు. కొరికిన ముక్క ఆయన ముందు విసిరాను. చూశాడు. అడగకుండానే మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వనుకునేది కాదు. ఆవిడ చెయ్యైనా తాకలేదు. ఒట్టు."

"తాకినా బాగుండేది!" అని అరిచాను. "స్నానం చేస్తే పోయేది. తల్లిపిండి ఇచ్చావు కదరా!"

పెళ్ళయ్యాక ఆయన్ని 'మీరు' తప్ప ఇంకోలా పిలవలేదు నేను. ఆ రోజు ఆ మర్యాదంతా బూడిదలో కలిసిపోయింది.

అప్పుడు చెప్పాడు. బజారులో యంత్రాలతో కొత్త రొట్టెల దుకాణం వచ్చాక మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు తగ్గారు. ఆయనకి భయం పట్టుకుంది. చుక్కలావిడ దగ్గరికి వెళ్ళాడు. నీ ఇంటికి మూలమైనదాన్ని తెచ్చి చుక్కల ముందు పెట్టు, రోజూ మొదటి రొట్టె ఇక్కడికి తీసుకురా అందావిడ. సగం ముద్ద పట్టుకెళ్ళి ఇచ్చాడు. రోజూ తొలివాయిలో మొదటి రొట్టె తీసి ఎడమకి పరిగెత్తడం, ఈలోపు మలివాయి తిప్పే దిక్కులేక మాడడం, వచ్చాక అందులోదే ఒకటి చుట్టుకుని, మిగతావి నా కంట పడకుండా మంటలో వేసి, కుడికి వెళ్ళడం.

"ప్రార్థన ఇంటికి ఇవ్వడం మానలేదు కదా," అన్నాడు.

"ఎంగిలిది ఇస్తున్నావు! దేవుడికి ఎంగిలిది, నాకు అబద్ధం, ఆవిడకి మొదటిది. బాగుంది వరస."

ఆ రోజే బట్టీ ఆర్పేశాను. నీళ్ళు కుమ్మరించి మరీ ఆర్పాను. ఇంట్లో మిగిలిన సగం తల్లిపిండికి తిండి పెట్టడం మానేశాను. ఆయన పెట్టబోతే గిన్నె లాక్కున్నాను. ఆవిడ ఇంట్లో పొంగుతున్నది నా ఇంట్లో బతకాల్సిన పనిలేదు అనుకున్నాను. నా కడుపులో రగులుతున్నదానికి కట్టెలు అక్కర్లేదు, అదే రాత్రీ పగలూ మండింది. తప్పు ఆయనదైతే శిక్ష ముద్దకెందుకని మీరడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు, అడిగితే కొట్టేదాన్ని.

కొన్ని రోజులకి, కోపం కాస్త ఆరాక కాదు, ఇంకా పెరిగాక పెద్దయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్రార్థన ఇంట్లో దీపపు గాజుబుడ్లు తుడుస్తున్నాడు.

"ఆయన్ని శపించండి," అన్నాను. "మీ పుస్తకంలో శాపాలు బోలెడున్నాయి కదా."

"ఉన్నాయి," అన్నాడు గుడ్డ పక్కన పెట్టి. "అందులో అరుస్తున్నదెవరో తెలుసా? అచ్చం నీలాంటి మనిషి. నేనిచ్చిన గోధుమలతో ఇంకెవరికో రొట్టెలు చేస్తారా, నేను కట్టుకోమని ఇచ్చిన బట్టలు ఇంకెవరి ముందో పరుస్తారా, పెళ్ళినాటి మాట మరిచారా అని పేజీలకి పేజీలు."

"ఎవరు, ప్రవక్తా?"

"నోరు ప్రవక్తది. మాట దేవుడిది."

"దేవుడికి కుళ్ళేమిటండీ?"

"అక్కర్లేనివాళ్ళ మీద ఎవరికి కుళ్ళు వస్తుందమ్మా? వదిలేసినవాడు అరవడు. నోరు మూసుకుని తనదారిన తను పోతాడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను అరుస్తూనే ఉన్నాను మరి.

"చివరికి ఏం చేస్తాడు? వదిలేస్తాడా?"

"వదిలేస్తానంటాడు. తలుపులు వేసేస్తాడు. పొలాలు ఎండబెడతాడు. మళ్ళీ తనే లేచి వెతుక్కుంటూ వెళ్తాడు."

"సిగ్గు లేదా?" అన్నాను.

పెద్దయ్య నవ్వలేదు. "లేదు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చల్లబడ్డ బట్టీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తల్లిపిండి గిన్నె. ముద్ద మీద నల్లటి నీళ్ళు తేలాయి, అంచుల్లో ఎర్రటి బూజు. ఆ వాసనకి ముక్కు పగిలింది.

"చచ్చిపోయింది," అన్నాడు. నా ముందు ఎప్పుడూ కన్నీరు పెట్టని మనిషి పసివాడిలా ఏడ్చాడు. "భయమేసింది నాకు. దేవుణ్ణి అడిగితే పలకలేదు. ఆవిడ అడగ్గానే పలికింది. పలికిన చోటికల్లా పోయాను. నీకూ ద్రోహం చేశాను, ఆయనకీ చేశాను. ఇక అటు వెళ్ళను. నువ్వు ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను."

"పోయి ఎక్కడికి పోతారు, ఎడమవైపుకా?"

'మీరు' తిరిగొచ్చిందని ఆయన గమనించాడో లేదో. నేనైతే గమనించాను.

"ఆవిడ దగ్గరున్న సగం నేను వెళ్ళి తెస్తాను," అని లేవబోయాడు.

"ఆ గడప తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను. నేను వెళ్తాను."

చుక్కలావిడ ఇంట్లో సాంబ్రాణి పొగ. మధ్యలో బల్ల మీద నీలం జాడీ, దానికి పట్టుగుడ్డ కట్టి ఉంది. గుడ్డ తీసి చూశాను. మా అమ్మ ముద్ద తేనె తాగి, కొత్త పెళ్ళికూతురిలా బుగ్గలు నింపుకుని పొంగుతోంది. నా దగ్గర ఎప్పుడూ అంత పొంగలేదు. చచ్చి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు. అక్కడే జాడీ నేలకేసి కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా.

"ఆయనే తెచ్చి ఇచ్చాడు, నేను లాక్కోలేదు," అందావిడ.

"తెలుసు. అందుకే ఇంకా నీ జుట్టు నీ తల మీదుంది."

"కావాలంటే సగం పట్టుకెళ్ళు."

"సగాలు చాలు. మొత్తం కావాలి."

"ఊరికే ఇవ్వను. చుక్కలకి ఇచ్చినదాన్ని తీసుకెళ్తే బదులుగా ఏదో ఒకటి పెట్టాలి."

నా వస్తువు. మా అమ్మ వస్తువు. నేనెందుకు పెట్టాలి? నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. చెవులకున్న బంగారు కమ్మలు తీసి బల్ల మీద పెట్టాను. నాదాన్ని నేనే కొనుక్కుని, జాడీ చంకన పెట్టుకుని, తలెత్తుకుని బయటికొచ్చాను. మలుపు దాటాక మాత్రం గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాను.

ముద్దకి మళ్ళీ బార్లీ పెట్టాను. మా ఆయన బట్టీలో బూడిదంతా ఎత్తి, ఇటుకలు కడిగి, మంట వేశాడు. తెల్లవారుజామున నేను పైకెళ్ళలేదు. గోడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన పారతో ఒక్కొక్క రొట్టెనీ తిప్పాడు. మొదటిదాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి విరిచి నాకిచ్చి, తనో ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఇంకా తియ్యగానే ఉంది," అన్నాడు దిగులుగా.

"పోతుంది. రోజూ మన పిండే పెట్టాలి."

"ఎన్నాళ్ళకి పోతుంది?"

నాకూ తెలీదు.

మొదటి రొట్టె తెల్లగుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు. నేను చేతులు కడుక్కోకుండానే వెనకాల బయల్దేరాను. నా చెప్పుల చప్పుడు ఆయనకి తెలుసు. వెనక్కి చూడలేదు, వద్దనలేదు. మలుపు దగ్గర ఆయన అడుగు నెమ్మదించింది. నేనూ నెమ్మదించాను. కుడికి తిరిగాడు.

పెద్దయ్య గుమ్మంలోనే ఉన్నాడు. రొట్టె విరిచి రెండు పక్కలా చూశాడు. కళ్ళకద్దుకున్నాడు.

"నువ్వూ వచ్చావేమ్మా ఇవాళ?"

"నమ్మకం లేక వచ్చాను," అన్నాను మొహమాటం లేకుండా. "రేపూ వస్తాను. ఎల్లుండీ వస్తాను. వెనకాలే వస్తాను."

"రా," అన్నాడు పెద్దయ్య. "ఈ రొట్టె ఎవరిదో, ఆయనా అలాగే వస్తుంటాడు."

మా ఆయన అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ ముద్దని ఏమిచ్చి తెచ్చానో అప్పటిదాకా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నా చెవుల దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. చెయ్యి చాచి, ఖాళీగా ఉన్న ఆ చోటుని పిండి అంటిన వేలితో తాకబోయి, తాకకుండా దించేసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. నేను ఓదార్చలేదు. మలుపు దాటేదాకా ఆయన వెనకే నడిచాను, దాటాక పక్కకి వచ్చాను.