పేరు పడని కారు

ఏడాదిగా తాను నడుపుతున్న కారు తనది కాదని డ్రైవరుకు నడిరోడ్డు మీద, ప్రయాణికుడు వెనకసీట్లో ఉండగా తెలిసింది. ఫైనాన్సు కంపెనీ మనుషులు అడ్డం వచ్చి, కారు జప్తు చేస్తున్నామని తాళంచెవి లాక్కున్నారు. రికార్డుల్లో ఇంకా పాత యజమాని పేరే ఉంది, అతని అప్పు తీరనే లేదు. ప్రయాణికుడు ఇంకో టాక్సీ పిలుచుకుని వెళ్లిపోయాడు. డ్రైవరు సీటు మీది తువ్వాలు చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు.

అతని కడుపు మండింది ఫైనాన్సు వాళ్ల మీద కాదు, తోడల్లుడి మీద. తోడల్లుడు పనిచేసే పాత కార్ల షోరూములోనే, అతని చేతుల మీదుగానే డ్రైవరు కారు కొన్నాడు. తోడల్లుడిది ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జీ. అత్తగారింటికి వచ్చిన ప్రతిసారీ ఒక్కో కారులో దిగేవాడు. మొదటి కుర్చీ అతనికే. "పెద్దల్లుడు షోరూములో, చిన్నల్లుడు స్టీరింగు వెనక" అని మామగారు నవ్వుతూ అనే మాట డ్రైవరుకు ముల్లులా దిగేది. కాగితాలు అడిగితే తోడల్లుడు, మనలో మనకి తొందరేంటి, పేరు మారిపోతుందిలే అన్నాడు. మళ్లీ అడిగితే అతని ముందు చేయి చాచినట్టుంటుందని డ్రైవరు ఊరుకున్నాడు. అసూయ అతని నోరు కట్టేసింది.

భార్య తాను బట్టలు కుట్టిపెట్టే లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. అప్పు దాచి అమ్మడం మోసమేనని లాయరమ్మ తేల్చేసింది. వినియోగదారుల కోర్టుకెళ్లి, అప్పు తీర్చి పేరు మార్చమనైనా అడగొచ్చు, నష్టపరిహారంతో డబ్బు వెనక్కిమ్మనైనా అడగొచ్చు. పోలీసు ఫిర్యాదు దారి వేరే ఉంది. ముందుగా షోరూముకు నోటీసు పంపింది. అప్పు సంగతి చెప్పే అమ్మామని షోరూము యజమాని జవాబిచ్చాడు.

"చెప్పలేదని అమ్మినతనే కోర్టులో అంటే మన కేసుకి తిరుగుండదు," అంది లాయరమ్మ.

అమ్మినతను తోడల్లుడు. ఇంటికొచ్చాక డ్రైవరు కంచం పక్కకి నెట్టేశాడు.

"పోయి వాడి కాళ్లు పట్టుకోమంటావా?"

"కాళ్లెందుకు, కాలరు పట్టుకోండి," అంది భార్య.

షోరూములో యజమాని మర్యాదగా కుర్చీ వేయించాడు. కేసు మాట మానుకుంటే బయట ఉన్న చిన్న కారు తీసుకుపొమ్మన్నాడు. అద్దంలోంచి అది తళతళలాడుతోంది. పని లేక ఖాళీగా ఉన్న డ్రైవరు చేతులు ఒక్క క్షణం దాని స్టీరింగు కోసం లాగాయి.

"ఇదెవరి పేరు మీదుంది?" అని అడిగాడు. అదంతా తర్వాత చూసుకుందామన్నాడు యజమాని. డ్రైవరు కుర్చీలోంచి లేచి, వద్దన్నాడు.

యజమాని పక్కనే నిలబడ్డ తోడల్లుడి వైపు తిరిగి, చెప్పే అమ్మామని నువ్వైనా చెప్పవయ్యా అన్నాడు.

తోడల్లుడు మెడలోని బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పుందని నాకు తెలుసు తమ్ముడూ. చెప్పొద్దని ఈయన అన్నాడు. కోర్టులోనూ ఇదే చెబుతా. కానీ ఈయన వద్దన్నా నీకు చెప్పేసేవాణ్ణే. కారు చూసుకోడానికి వచ్చిన రోజు నువ్వు మరదల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పావు. మా ఆవిడ ఇక్కడే నిలబడి చూసింది. నేను దిగే కార్లన్నీ షోరూమువేనని దానికొక్కదానికే తెలుసు. నాది బస్సు బతుకు. ఇన్ని కార్లు అమ్మినవాణ్ణి, ఒక్కదాని మీదా నా పేరు లేదు. నీ పేరు పడుతుందంటే ఓర్చుకోలేకపోయా. అందుకే నోరు మూసుకున్నా."