కిటికీ అవతలి లోటా

బేరిగై దగ్గరి గులాబీ తోటలో టీ వేళ అయిందంటే షెడ్డంతా ఎంత సందడో! పూలు కట్టలు కట్టే ఆడవాళ్ళు చేతి తొడుగులు విప్పి, వరసగా కూర్చుని, లోటాలు చాపుతారు. ఒక్క లోటా మాత్రం కిటికీ అవతల ఉంటుంది. అది వాళ్ళతో పనిచేసే చిత్రది. ఆ పిల్లకు బొల్లి మచ్చలున్నాయి. బొల్లి అంటుకోదని తెలిసినవాళ్ళు కూడా నోరెత్తరు. వాళ్ళలో ఒకతె అయిన అంజినమ్మా ఎత్తలేదు.

అదే అంజినమ్మకు చేతి వెనక పొలుసులు లేచాయి. గులాబీ ముల్లు గీసుకుందని షెడ్డులో బొంకింది. సోరియాసిస్ అని తేల్చిన హోసూరు చర్మవైద్యురాలు శోభన కొత్తరకం పట్టీలు ఇచ్చింది. వాటి అడుగున కంటికి ఆనని సూదులుంటాయి. అవి నొప్పి తెలియకుండా చర్మంలో దిగి, కరిగి, రోగమున్న చోటే మందు వదులుతాయి. మచ్చ మీద అంటించి పొద్దంతా ఉంచాలి.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేసరికి చేయి ఇంకా చెడింది. వేళ్ళ దాకా పాకి, పగిలి, నెత్తురు కారుతోంది.

"ఇట్లే వదిలితే వేళ్ళు మడిచేదానికి గూడా కాదు. పట్టీ యాడ అంటించినావమ్మా?" అంది శోభన.

అంజినమ్మ తల వంచుకుంది. "నడుము మీద, చీర కింద."

"అయ్యో రామా! ఆడ పెడితే చేతికెట్లా పనిచేస్తాది?"

"చేతికి పెడితే అందరూ చూస్తారు గదమ్మా. ఒక దినం ముల్లంటే నమ్ముతారు, దినామూ పట్టీ వేసుకుంటే నమ్ముతారా? నా లోటా గూడా బయట పెడతారు. మీరే వచ్చి చెప్పండమ్మా, ఇది అంటేది కాదని."

పాపం, డాక్టరమ్మ షెడ్డుకు వచ్చింది. అంజినమ్మ చేయి పట్టుకుని, ఆమె లోటాలోనే టీ తాగి, ఇది అంటురోగం కాదని విడమరిచి చెప్పింది. అందరూ తలలూపారు. మేస్త్రీ అశ్వత్థప్ప అయితే చప్పట్లు కూడా కొట్టించాడు.

మర్నాడు కిటికీ అవతల రెండు లోటాలున్నాయి.

అంజినమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికి తొంగి చూస్తే ఒక్కరూ తలెత్తలేదు. ఆమె చిత్ర పక్కన కూలబడి, సంచిలోంచి పట్టీ తీసి, అందరి ఎదుటా చేతి మీద అంటించుకుంది.

"నీ లోటా బయట పెట్టిన దినమే నేను ఈడికి వచ్చి కూర్చోవాల్సింది చిత్రా. నాకెందుకులే అనుకున్నాను," అంది.

చదువరులారా, చర్మాన్ని దాటి మందు పంపే ఉపాయం కనిపెట్టుకున్నాం, సంతోషం. కానీ పక్కమనిషి లోటా బయటికి పోతుంటే నోరు మూసుకున్నవాళ్ళం, రేపు మన లోటా లోపలే ఉంటుందని ఏ మొహం పెట్టుకుని అనుకుంటాం?